వాన వెలిశాక పెరిగిన కౌంట్: చెన్నై అపార్ట్‌మెంట్‌లో అణుధూళి అనుమానం, ఒక కేస్ స్టడీ

ఈ కేసు చెన్నైకి దక్షిణం వైపున్న ఒక అపార్ట్‌మెంట్‌ది. పేర్లు, వీధి, సంవత్సరం తీసేశాను. కొన్ని కుటుంబ వివరాలు మార్చాను. కొలతల్లో అంకెలను దగ్గరి సంఖ్యకు సర్దాను. నేను ఆస్పత్రుల్లో రేడియేషన్ సేఫ్టీ చూస్తాను. అంతకుముందు కొన్నేళ్లు గాలి, నీరు, మట్టి నమూనాలు కొలిచే ల్యాబ్‌లో పనిచేశాను. అందుకే తెలిసినవాళ్ల ద్వారా ఈ కేసు నా దాకా వచ్చింది.

దీన్ని రాయడానికి కారణం ఉంది. వాన తర్వాత గైగర్ కౌంటర్ (రేడియేషన్‌ను లెక్కపెట్టే పరికరం) ఎక్కువ చూపిస్తే జనానికి రెండే జవాబులు దొరుకుతాయి. ఒకటి "ఎక్కడో లీకైంది". రెండోది "వానలో అది ఎప్పుడూ ఉండేదే, పట్టించుకోకండి". రెండో జవాబు చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ పరీక్షించకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. అణుబాంబులూ రియాక్టర్ ప్రమాదాలూ గాలిలోకి వదిలే రేడియోధార్మిక ధూళి, అంటే నిజమైన అణుధూళి కూడా గాలిలోంచి నేలకు దిగేది ఎక్కువగా వాన దారినే.

నేపథ్యం

ఆ అపార్ట్‌మెంట్‌లో సగానికి పైగా తెలుగు కుటుంబాలు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. అసోసియేషన్ పనులు చూసేది ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్. అందరూ ఆయన్ని మాస్టారు అనే పిలుస్తారు. పైఅంతస్తులో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు ఆన్‌లైన్‌లో ఒక గైగర్ కౌంటర్ కొన్నాడు. సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం ఉరుములతో గట్టి వాన పడింది. వాన తగ్గాక అతను కారు టాప్‌ను టిష్యూతో తుడిచి కౌంటర్ ముందు పెట్టాడు. మామూలుగా నిమిషానికి 40 దగ్గర ఉండే కౌంట్ 600 దాటింది. ఆ వీడియో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లోకి వెళ్లింది.

అణువిద్యుత్ కేంద్రమున్న కల్పాక్కం అక్కడికి చాలా దూరమేమీ కాదు. ఇక చెప్పేదేముంది.

నేను వెళ్లేసరికి పరిస్థితి

టెర్రస్ మీది వాననీళ్లు సంపులోకి వెళ్లే పైపును విప్పి రోడ్డు మీది కాలవలోకి తిప్పేశారు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి. చెన్నై ఎండల్లో నీళ్ల కోసం పడే తిప్పలు తెలిసినవాళ్లెవరూ ఆ పైపును ఊరికే తీయరు. దాని బదులు ట్యాంకర్ లారీలు తెప్పించుకుంటున్నారు. పిల్లల్ని కిందికి ఆడుకోవడానికి పంపడం లేదు.

ఇంకో విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ బ్లాకులో ఒకావిడకు కొన్ని నెలల క్రితం థైరాయిడ్‌కు అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్‌తో చికిత్స జరిగింది. ఆ సంగతి నలుగురికీ తెలుసు. "ఆమె వల్లేనేమో" అనే గుసగుస మొదలైంది. ఆమె లిఫ్ట్ ఎక్కడం మానేసి మెట్లెక్కి వెళ్తోంది.

మీటింగులో ఒక తల్లి నన్ను సూటిగా అడిగింది: "ఏమండీ, సైన్సంతా తర్వాత. పిల్లల్ని వానలో తడవనివ్వొచ్చా, లేదా?"

ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేదు. చెప్పడానికి నా చేతిలో కొలత లేదు.

అప్పటికే చేసినవి, పనికిరానివి

మాస్టారు మొదట్లోనే రేడాన్ సంగతి సరిగ్గా చెప్పారు. నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు గాలిలో కలుస్తుంది, దాని సంతతి (అది క్షయమై పుట్టే మూలకాలు) వానతో కిందికి వస్తుంది అని వివరించారు. ఎవరూ నమ్మలేదు. ఆయన చెప్పింది పాఠం. వాళ్లు చూసింది వీడియో.

ఆ తర్వాత గాలి మ్యాపులు వచ్చాయి. ఆ సాయంత్రం కింద గాలి ఆగ్నేయం నుంచి వీచింది కాబట్టి దక్షిణ తీరం నుంచే వచ్చిందని ఒకరు, కాదని ఇంకొకరు. నేల దగ్గరి గాలిని బట్టి దీన్ని తేల్చలేం. సెప్టెంబరు సాయంత్రాల్లో చెన్నై మీద కురిసే ఉరుముల మేఘాలు ఎక్కువగా పడమటి వైపు నుంచి, భూభాగం మీదుగా వస్తాయి. అదే సమయంలో కింద సముద్రపు గాలి ఇంకో దిక్కు నుంచి వీస్తుంటుంది. వాన చుక్క మేఘంలో ఉన్నదాన్నీ పట్టుకొస్తుంది, దారిలో గాలిలో ఉన్నదాన్నీ పట్టుకొస్తుంది. రెండూ వేరు వేరు చోట్ల నుంచి వచ్చి ఉండొచ్చు. కాబట్టి మ్యాపు చూపించి "కల్పాక్కం కాదు" అని నేనూ అనలేదు.

మూడోది పరిస్థితిని బాగా దిగజార్చింది. ఎవరో తెలిసినవాళ్ల దగ్గర చేతిలో పట్టే ఐసోటోప్ ఐడెంటిఫయర్, అంటే రేడియేషన్ ఏ పదార్థం నుంచి వస్తోందో పేరు చెప్పే పరికరం, అరువు తెచ్చారు. ఇంకో వాన తర్వాత టిష్యూను దాని ముందు పెడితే తెర మీద "అయోడిన్-131" అని వచ్చింది. రియాక్టర్ లీకైనా వచ్చేది అదే. అంతవరకూ మాస్టారి మాట విందామనుకున్నవాళ్లు కూడా అటు తిరిగిపోయారు. థైరాయిడ్ చికిత్స మీద గుసగుసలు మొదలైంది కూడా ఈ తెర చూశాకే.

ఆ తెరను ఎలా చదివాను

కుర్రాడు స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని గామా కిరణాలు వచ్చాయో చూపే గీత) స్క్రీన్‌షాట్ దాచిపెట్టాడు. ఈ కేసులో ఎవరైనా చేసిన అతి మంచి పని అదే. పరికరం ప్రకటించిన పేరును పక్కనపెట్టి, దాని వెనకున్న గీతను చూశాను.

అయోడిన్-131 ప్రధాన గామా రేఖ 364.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తికి కొలమానం) దగ్గర ఉంటుంది. రేడాన్ సంతతిలోని లెడ్-214 ప్రధాన రేఖ 351.9 దగ్గర. మధ్య తేడా 13 కూడా లేదు. చేతి పరికరంలో ఉండే సోడియం అయోడైడ్ స్ఫటికంలో ఆ శక్తి దగ్గర ఒక్కో శిఖరం 30కి పైగా వెడల్పు ఉంటుంది. అంటే రెండూ ఒకే దిబ్బగా కనిపిస్తాయి. ఇక పేరు పెట్టేది పరికరం లోపలి జాబితా. ఆస్పత్రులకూ కార్గో తనిఖీలకూ తయారుచేసిన జాబితాలో వైద్య ఐసోటోపులు ముందుంటాయి.

అయితే "ఈ పరికరం విడదీయలేదు" అన్నది అయోడిన్ లేదని చెప్పడానికి సరిపోదు. మిగతా రేఖల్ని చూడాలి. లెడ్-214కు 295 దగ్గర ఇంకో రేఖ ఉంది, ప్రధాన రేఖలో దాదాపు సగం బలంతో. దాని సంతతి బిస్మత్-214కు 609 దగ్గర బలమైన రేఖ ఉంది. అయోడిన్‌కూ 284 దగ్గర ఒక రేఖ ఉంది గానీ, ప్రధాన రేఖలో పన్నెండో వంతుకు కూడా రాదు. స్క్రీన్‌షాట్‌లో ఎడమ దిబ్బ పెద్ద దిబ్బలో సగం ఎత్తుంది. 609 దగ్గర మూడో దిబ్బ స్పష్టంగా ఉంది. ఈ ముగ్గురూ కలిసి ఉన్నారంటే అది రేడాన్ కుటుంబమే. అయినా ఆ కుటుంబం కింద కొంచెం అయోడిన్ దాగి ఉంటే ఈ పరికరం చెప్పలేదు. ఆ మిగిలిన అనుమానం కోసమే తర్వాతి పరీక్షలన్నీ.

చికిత్స తీసుకున్న ఆవిడ విషయం మాత్రం ఆ పూటే తేల్చేశాను. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. 80 రోజుల్లో వెయ్యో వంతుకు పడిపోతుంది. శరీరం విసర్జించేది దానికి అదనం. అదీ మూత్రం ద్వారా మురుగు పైపులోకి పోతుంది. కారు టాప్ మీదికి రావడానికి దారే లేదు. మాస్టారూ నేనూ వాళ్లింటికి వెళ్లి కూర్చుని ఈ లెక్క చెప్పాం. మీటింగులో మాత్రం ఆమె పేరు గానీ, ఫలానా ఇంట్లో చికిత్స జరిగిందన్న మాట గానీ ఎత్తలేదు. "చికిత్స తీసుకున్నవాళ్లకూ టెర్రస్ మీది వానకూ సంబంధం ఉండదు" అని సాధారణంగా చెప్పాను. ఒక మనిషిని నిర్దోషి అని పదిమందిలో ప్రకటిస్తే, ఆమె మీద అనుమానం ఉండేదన్న సంగతి అప్పటిదాకా తెలియనివాళ్లకు కూడా తెలుస్తుంది.

ఏం పరీక్షించాలో ఎలా తేల్చుకున్నాం

ఇక్కడ అణుధూళి గాలిలో ఎలా తిరుగుతుందో కొంచెం చెప్పాలి. పరీక్షల ఎంపికంతా దాని మీదే ఆధారపడింది.

నేల దగ్గర పేలిన బాంబు మట్టిని పైకి లేపుతుంది. బరువైన రేణువులు కొన్ని గంటల్లో గాలివాటున దగ్గర్లోనే పడిపోతాయి. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దగ్గర అమెరికా చేసిన 15 మెగాటన్నుల కాజిల్ బ్రావో పరీక్షలో జపాన్ చేపల పడవ ఫుకుర్యు మారు మీద పడిన తెల్లని బూడిద అలాంటిదే. సన్నని రేణువులు వాతావరణం కింది పొరలో రోజులు, వారాలు తిరిగి వానతో దిగుతాయి. పెద్ద పేలుడు స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే మేఘాలకు పైనున్న పొరలోకి, నెట్టినవి వేరే లెక్క. అక్కడ వాన లేదు, కడిగేవాళ్లు లేరు. ఏడాది, రెండేళ్లు అక్కడే ఉండి, మధ్య అక్షాంశాల్లో వసంతకాలంలో గాలి కిందికి కలిసినప్పుడు మెల్లగా దిగుతాయి. 1960ల మొదట్లో ప్రతి వసంతంలోనూ అణుధూళి పెరగడానికి కారణం ఇదే.

వాన ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి మీటింగులో నేను ఎత్తింది 1953 నాటి సంగతి. ఏప్రిల్ 25న నెవాడాలో ఒక బాంబు పరీక్ష జరిగింది. మర్నాడు మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో పెద్ద వాన. అక్కడి కాలేజీ ల్యాబులో విద్యార్థుల గైగర్ కౌంటర్లు ఉన్నట్టుండి పెరిగాయి. బయట వాన తడి మీద అసలైన అణుధూళి ఉంది. 1986లో చెర్నోబిల్ రియాక్టర్ ప్రమాదపు మేఘం యూరప్ మీద తిరిగినప్పుడూ ఇంతే. వాన పడిన చోట మచ్చలు మచ్చలుగా దిగింది. స్వీడన్‌లో యావ్లే ప్రాంతం అలా దెబ్బతింది. బ్రిటన్ కొండల్లో గొర్రెల అమ్మకాల మీద పెట్టిన ఆంక్షలు 2012 దాకా పూర్తిగా పోలేదు. జపాన్‌లో ఫుకుషిమా రియాక్టర్ల ప్రమాదంలో 2011 మార్చి 15న వానా మంచూ పడటం వల్లే వాయవ్య దిక్కున ఈతతే గ్రామం వైపు మచ్చ పరుచుకుంది. "కుర్రాడు వానను తుడిచి కొలవడం తప్పు కాదు, వెతకాల్సిన చోటే వెతికాడు" అని చెప్పినప్పుడు, అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు ముందుకు వంగి వినడం మొదలుపెట్టారు.

రేడాన్ సంతతి దిగేదీ ఇదే దారిలో. రేడాన్ జడవాయువు, వానకు చిక్కదు. కానీ అది క్షయమై పుట్టే పొలోనియం, సీసం, బిస్మత్ లోహాలు. అవి పుట్టిన వెంటనే గాలిలోని సన్నని రేణువులకు అంటుకుంటాయి. మేఘంలో ఆ రేణువుల చుట్టూ నీరు చేరుతుంది, చుక్క పడుతుంది. భూభాగం మీదుగా వచ్చిన మేఘంలో ఇవి ఎక్కువ, సముద్రం మీదుగా వచ్చినదాంట్లో తక్కువ.

దారి ఒకటే కాబట్టి దిగిన చోటును బట్టి రెండింటినీ వేరు చేయలేం. వేరు చేసేది కాలం. లెడ్-214 సగమయ్యేది 27 నిమిషాల్లో, బిస్మత్-214 ఇరవై నిమిషాల్లో. కాబట్టి కొత్త నమూనాల వెంట పరిగెత్తకుండా, ఒకే నమూనాను పట్టుకుని కదలకుండా కొలుస్తూ కూర్చోవాలని నిర్ణయించాను.

పనిచేసింది

తర్వాతి వానకు ముందుగానే సిద్ధమయ్యాం. టెర్రస్ మీద కడిగిన ప్లాస్టిక్ షీటు కట్టాం, పాత దుమ్ము కలవకుండా. పక్కన శుభ్రమైన బకెట్లు పెట్టాం. వాన వెలవగానే షీటును టిష్యూతో తుడిచి, మడిచి, జిప్ కవర్లో పెట్టి, కౌంటర్ ముందు టేపుతో అంటించాం. మాస్టారు గడియారం చూసి చదువుతుంటే, ఒక టెన్త్ క్లాస్ అమ్మాయి గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టింది. గ్రాఫును ఇంటివాళ్లే గీయాలన్నది నా పట్టుదల.

మొదట 640. అరగంటకు 410. గంటకు 245. రెండు గంటలకు 95. మూడు గంటలకు 50 దాటి కొద్దిగా. మామూలు కౌంట్ 40ని తీసేసి చూస్తే, 600 కాస్తా మూడు గంటల్లో పది పన్నెండుకు దిగింది. అయోడిన్-131 అయితే ఆ మూడు గంటల్లో ఒక శాతం తగ్గేది. ఆ 640 అలాగే ఉండేది.

"బాంబు ధూళి కూడా మొదట్లో వేగంగానే తగ్గుతుంది కదా?" అని కుర్రాడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న. బాంబులో పరమాణువులు చీలి పుట్టే విచ్ఛిత్తి ఉత్పత్తుల మిశ్రమం కాలం ఏడు రెట్లయినప్పుడల్లా సుమారు పదో వంతుకు పడుతుంది. కానీ ఒక రోజు వయసున్న ధూళి ఇంకో మూడు గంటల్లో తగ్గేది పదమూడు శాతమే. మనం చూసినంత వేగంగా, నలభై నిమిషాల్లో సగమవ్వాలంటే ఆ ధూళి వయసు గంటలోపు ఉండాలి. గంటలోపు మన దగ్గర్లో బాంబు పేలి ఉంటే కౌంటర్‌తో పని ఉండేది కాదు.

అయినా నేను గ్రాఫు దగ్గర ఆగలేదు. రియాక్టర్ నుంచి జడవాయువులు బయటికొస్తే, వాటి సంతతిలో కూడా ఇలాంటి అర్ధాయువులు (సగమవడానికి పట్టే కాలం) ఉన్నవి ఉంటాయి. సీజియం-138కి 33 నిమిషాలు, రుబిడియం-88కి 18. గ్రాఫు ఒక్కటే చూస్తే వాటిని పూర్తిగా కొట్టిపారేయలేం. దీనికి రెండు ఆధారాలు తీసుకున్నాను. అలాంటి వాయువులు తల మీద తిరుగుతుంటే వాన లేని రోజు కూడా టెర్రస్ మీద కౌంట్ పెరగాలి. పొడి రోజుల్లో తీసిన రీడింగులన్నీ మామూలుగానే ఉన్నాయి. రెండోది, తిరుపతిలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేసే మిత్రుణ్ని అక్కడ వాన పడినప్పుడు ఇదే పద్ధతిలో కొలవమన్నాను. తీరానికి అంత దూరంలో, కొండల పక్కన, అదే వంపు వచ్చింది. ఆ గ్రాఫు ఫోటోను మన గ్రాఫు పక్కన పెట్టి గ్రూప్‌లో వేశాం. నేను చెప్పిన ఏ మాటకన్నా ఆ రెండు ఫోటోలే ఎక్కువ పనిచేశాయి.

ఎక్కువకాలం బతికేవాటి కోసం బకెట్ల నీళ్లను, దగ్గరి రేఖల్ని కూడా విడదీయగల జెర్మేనియం డిటెక్టరున్న ల్యాబుకు పంపాం. చెన్నై ట్రాఫిక్‌లో నమూనా అక్కడికి చేరేలోపే రేడాన్ సంతతి దాదాపు అయిపోతుంది. అది మాకు మేలే. అడ్డు తొలగి మిగతాది కనిపిస్తుంది. నీళ్లను రెండు భాగాలు చేయించాను. ఒక భాగాన్ని వేడి చేయకుండా నేరుగా డిటెక్టర్ చుట్టూ కూర్చునే మారినెల్లి బీకరులో పోయించాను, మరిగిస్తే అయోడిన్ ఆవిరైపోయే ప్రమాదం ఉంది కాబట్టి. రెండో భాగాన్ని ఇగిర్చి చిక్కబరిచారు. ఈ డిటెక్టర్‌కు 352, 364 రెండు వేరు వేరు సన్నని గీతలు. 364.5 దగ్గర ఏమీ లేదు. అణుధూళిలో ఎక్కువకాలం మిగిలే సీజియం-137 ఉండాల్సిన 661.7 దగ్గరా ఏమీ లేదు. 477.6 దగ్గర మాత్రం చక్కటి శిఖరం ఉంది.

అది బెరిలియం-7. విశ్వకిరణాలు పై గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులను పగలగొట్టినప్పుడు పుడుతుంది. 53 రోజులకు సగమవుతుంది. ఎవరూ పేల్చకుండానే, ఆకాశం పై అంతస్తు నుంచి సన్న రేణువుల మీదెక్కి వానతో దిగుతుంది. అణుధూళి నడిచే దారిలోనే నడుస్తుంది కాబట్టి శాస్త్రవేత్తలు గాలి కదలికలు తెలుసుకోవడానికి దీన్నే వాడతారు. మాకు దీంతో ఇంకో ఉపయోగం కలిగింది. ఈ శిఖరం కనిపించిందంటే మా నమూనా, మా కొలత నిజంగా పైనుంచి దిగినదాన్ని పట్టుకుంటున్నాయని అర్థం. అప్పుడే "సీజియం లేదు" అన్న మాటకు విలువ.

మట్టి తెచ్చిన చిక్కు

అంతా సర్దుకుంటోందనగా ఒకాయన మట్టినీ పరీక్షించాలని పట్టుబట్టారు. కాదనలేదు. భవనం కట్టకముందు నుంచీ ఉన్న వేపచెట్టు మొదట్లో పైమట్టి తీశాం. అందులో 661.7 దగ్గర చిన్నగా, కానీ ఖచ్చితంగా సీజియం-137 కనిపించింది.

ఆ రిపోర్టును గ్రూప్‌లో పెట్టే ముందు అసోసియేషన్‌లో వాదన జరిగింది. దాచేద్దామన్నవాళ్లు ఉన్నారు. నేను పెట్టాల్సిందే అన్నాను. తర్వాత ఎప్పుడో బయటపడితే మిగతా కొలతలన్నీ అబద్ధాలైపోతాయి. దాన్ని ఎలా చదవాలో కూడా దానితోపాటే రాశాను. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్లు. రియాక్టర్ నుంచి కొత్తగా వచ్చిన సీజియం ఒంటరిగా రాదు, సీజియం-134ను వెంటబెట్టుకుని వస్తుంది. ఫుకుషిమాలో రెండూ దాదాపు సమానం, చెర్నోబిల్‌లో సీజియం-134, సీజియం-137లో సగం. సీజియం-134 రెండేళ్లకే సగమవుతుంది. మా మట్టిలో అది లేదు, వాననీళ్లలో రెండూ లేవు. అంటే ఇది పాతది. 1963 అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి ముందు అమెరికా, సోవియట్ యూనియన్ ఆకాశంలో పేల్చిన బాంబులు, ఆ తర్వాతా 1980 దాకా ఆగని చైనా పరీక్షలు ప్రపంచమంతా చల్లిన ధూళి. ఎక్కువ భాగం ఉత్తరాన మధ్య అక్షాంశాల్లో పడింది. పదమూడో అక్షాంశం మీదున్న చెన్నైకి కొద్ది వాటానే వచ్చింది. సీజియం బంకమట్టికి అంటుకుంటే వదలదు, అందుకే కదిలించని మట్టిలో ఇంకా ఉంది. ఆ మోతాదు మన మట్టిలో సహజంగా ఉండే పొటాషియం, థోరియం ముందు లెక్కలోకి రాదు.

అదంతా చదివి ఒక పెద్దాయన "అంటే మేం పుట్టిన రోజుల్లో పేల్చింది మా మనవళ్ల కాళ్ల కింద ఉందన్నమాట" అన్నారు. అవును, అదే. దానికి కోపం రావడం న్యాయమే. దానివల్ల పైపు విప్పడం మాత్రం న్యాయం కాదు.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

నిజానికి దగ్గరగా ఉన్నది మాస్టారు మొదటి రోజే చెప్పారు. పనిచేయలేదు, ఎందుకంటే తప్పని తేలే అవకాశాన్ని ఆ మాట ఇవ్వలేదు. "మూడు గంటల్లో 60 కిందికి రాకపోతే నా మాట తప్పు" అని ముందే చెప్పి కూర్చున్నప్పుడు అదే మాటను జనం విన్నారు.

పరికరం చెప్పే పేరు సాక్ష్యం కాదు. స్పెక్ట్రమ్ ఇవ్వని ఐడెంటిఫయర్ ఫలితాన్ని ఇప్పుడు నేను లెక్కలోకి తీసుకోను. ఒక ఐసోటోపు పేరు వినగానే, దానితో పాటు రావలసినవాళ్లు వచ్చారా అని చూస్తాను. అయోడిన్ తాజాగా రియాక్టర్ నుంచి వస్తే సీజియం, టెల్లూరియం లాంటివి దాదాపు ఎప్పుడూ వెంట ఉంటాయి. ఆస్పత్రి నుంచి వస్తే ఒంటరిగా వస్తుంది, మురుగులో కనిపిస్తుంది.

పొడి రోజున మళ్లీ తుడిచి "ఏమీ లేదు" అని చూపడం వల్ల జనం భయం పోదు. ఇక్కడా ఒకసారి అలా చేశారు. "అంతా సంపులోకి దిగిపోయింది" అన్న జవాబు వచ్చింది. ఆ జవాబుకు తర్కం ఉంది కూడా.

ఆ తల్లికి నేను చివరికి చెప్పిన జవాబు: తడవనివ్వండి, ఉరుములు లేనప్పుడు. పైపును మళ్లీ సంపుకు కలిపారు. గైగర్ కౌంటర్ ఇప్పుడు అసోసియేషన్ గదిలో ఉంటుంది. పక్కన గోడ మీద ఆ అమ్మాయి గీసిన గ్రాఫు, దాని కింద నేను రాసిచ్చిన రెండు వాక్యాలు: వాన తర్వాత కౌంట్ పెరిగితే అదే నమూనాను మూడు గంటలు కొలవండి. రెండు గంటలకు నాలుగో వంతు కిందికి రాకపోతే నమూనాను పారేయకుండా కవర్లోనే ఉంచి, టైము రాసి, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయండి.